రెండూ కలవడం లేదు

నా పెళ్ళిని నా చేతులతో నేనే, అదీ జావా కోడ్‌లో, ఎలా చెడగొట్టుకోబోయానో చెబుతాను. నవ్వుకోండి. పరాయివాడి పెళ్ళి కాబట్టి మీకు బాగానే ఉంటుంది.

అప్పట్లో నేను సింగపూర్‌కు కొత్త. ప్రోగ్రామర్‌గా నా మీద నాకున్న గురి మాత్రం బాగా పాతది. హారికా నేనూ పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. వాళ్ళది తాతల కాలం నుంచి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. వాళ్ళమ్మ అన్నపూర్ణ ఆంటీ ఒకే ఒక్క షరతు పెట్టారు.

"నక్షత్రాలు కలవాలి బాబూ. కలిస్తే నాదేం లేదు."

సరిగ్గా అప్పుడే లిటిల్ ఇండియాలో ఉండే పంతులుగారొకరు నన్నో వెబ్‌సైట్ చేసిపెట్టమన్నారు. వధూవరుల నక్షత్రాలు, ఫోన్ నంబరు పంపితే ఆయన పొంతన చూసి ఫోన్ చేస్తారు. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? నంబరు తప్పు కొడతారేమోనని రెండు బాక్సుల్లో రెండుసార్లు కొట్టించి, రెండూ ఒకటేనా అని చూసే నిబంధన సొంతంగా రాశాను. ఒకటి కాకపోతే ఎర్రక్షరాల్లో సందేశం. ఆంటీ దగ్గర మార్కులు కొట్టేద్దామని లింకు మొదట ఆవిడకే పంపాను.

మర్నాడు హారిక ఫోన్. "అర్జెంటుగా రా. అమ్మ ఏడుస్తోంది."

సెరంగూన్‌లో వాళ్ళ ఫ్లాట్‌కు పరుగెత్తాను. ఎప్పుడు వెళ్ళినా "మకాన్ అయిందా?" అని, తిన్నావా అన్నమాట, పళ్ళెం పెట్టేసే ఆంటీ ఆ రోజు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"మీ ఇద్దరికీ కలవలేదు బాబూ."

"పంతులుగారు చెప్పారా ఆంటీ?"

"ఆయనదాకా ఎందుకు? నీ వెబ్‌సైటే చెప్పింది."

ఫోన్ నా ముందు పెట్టారు. వధువు రోహిణి, వరుడు ఉత్తర. నా నిబంధన రెండు బాక్సులకూ కలిపి పెట్టినది కాబట్టి, దాని సందేశం నంబర్ల కింద కాక ఫారం నెత్తిన, సరిగ్గా నక్షత్రాల పైన వెలిసింది. చక్కటి తెలుగు, నాదే: "రెండూ కలవడం లేదు. రెండోది మార్చి మళ్ళీ ప్రయత్నించండి."

రెండోది నేనే.

"ఆంటీ, అది ఫోన్ నంబర్ల గురించి!"

"నా నంబరు నాకు రాదా? రెండుసార్లూ ఒకటే కొట్టాను."

"అమ్మా, అది బగ్ లాహ్!" అంది హారిక.

"మార్చమంది కదా అని రెండోది మార్చి కూడా చూశాను" అన్నారు ఆంటీ.

గబుక్కున అడిగాను. "ఎవరితో?"

"బూన్ లే పేటలో ఉండే మా తోడికోడలి మేనల్లుడితో. కలవలేదు. తర్వాత మిగిలిన నక్షత్రాలన్నీ వేశాను. ఒక్కటంటే ఒక్కటి కలవలేదు. నా బిడ్డకి లోకంలో మొగుడే లేడా బాబూ?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు నిజంగా సిగ్గేసింది. లాప్‌టాప్ తెరిచాను. జావాలో రెండు మాటలు, బాక్సుల్లో కొట్టిన నంబర్లైనా సరే, ఒకటేనా అని తెలుసుకోవాలంటే 'ఈక్వల్స్' అని అడగాలి. నేను రెండు సమానం గుర్తులు పెట్టి కూర్చున్నాను. వాటికి బాక్సుల్లో ఏం రాసుందో అక్కర్లేదు, రెండూ ఒకే వస్తువా కాదా అన్నదే కావాలి. అచ్చుగుద్దినట్టున్న కవలల్ని చూసి "మీరు ఇద్దరు, ఒక్కరు కాదు, పొండి" అనే రకం. మరి నువ్వు పరీక్షించలేదా అంటారా? పరీక్షించాను. కోడ్‌లో నేనే ఒక నంబరు రాసి, దాన్నే రెండు చోట్లా ఇచ్చాను. అక్కడ నిజంగానే ఉన్నది ఒకే వస్తువు, పాసవక ఏం చేస్తుంది?

దిద్ది, ఆంటీ చేతే మళ్ళీ పంపించాను. సాయంత్రానికి పంతులుగారు ఫోన్ చేశారు. "దివ్యంగా కలిశాయమ్మా!" ఆంటీ ముఖం విప్పారింది, పళ్ళెం వచ్చింది. ధైర్యం చేసి అడిగాను.

"అయినా ఆంటీ, ఒక వెబ్‌సైట్ మాట అంతలా ఎలా నమ్మేశారు?"

ఆవిడ సోఫాలో పేపరు చదువుకుంటున్న అంకుల్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ముందు మా ఇద్దరివీ వేసి చూశాను బాబూ. కలవడం లేదంది. అంత కరెక్టుగా చెప్పేదాన్ని నమ్మక ఏం చెయ్యను?"

పీటల మీద అందరిలాగే నేనూ ధర్మేచ, అర్థేచ, కామేచ అన్నాను. ఎవరికీ వినపడకుండా "జావేచ" అని కూడా చేర్చుకున్నాను. ఈ జన్మలో రెండు మాటల్ని సమానం గుర్తులతో పోల్చను, ఏవి కలవలేదో పేరు పెట్టి చెప్పకుండా ఎవరినీ దేన్నీ మార్చమనను. నాతిచరామి.