నురగ కింద సాక్ష్యం

ఆ వీధిలో సెలూన్ ఎక్కడుందని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. పళ్ళెం బాబాయి ఎక్కడని అడిగితే మాత్రం పాలు తాగే పిల్లాడు కూడా వేలు చూపిస్తాడు. అసలు పేరు ఆయనకే ఎప్పుడైనా సంతకం పెట్టాల్సి వస్తే గుర్తొస్తుంది. మనిషి పొట్టి, మాట పొడుగు. చేతిలో కత్తి ఎంత నిదానంగా నడుస్తుందో నోట్లో నాలుక అంత జోరుగా పరుగెడుతుంది.

ఆ పేరు రావడానికి కారణం ఒకే ఒక్క సాయంత్రం. బాబాయికి నూనూగు మీసాలు మొలుస్తున్న రోజుల్లో, ఊరి చివర రాళ్ళ క్వారీ వెనక గుట్ట మీద ఆకాశంలోంచి ఏదో పడింది. గుండ్రంగా, తళతళా మెరుస్తూ పడింది. మర్నాడు పొద్దున్నే మిలిటరీ లారీలు వచ్చి టార్పాలిన్ కప్పిన సామానేదో ఎత్తుకుపోయాయి. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. అడిగినవాళ్ళకు ఎవరూ జవాబు చెప్పలేదు. జరిగింది ఇంతే.

ఇంతే అంటే బాబాయి ఒప్పుకుంటాడా! అది పైలోకం నుంచి దిగిన ఎగిరే పళ్ళెమే అంటాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గుండ్రటి వస్తువుకు కిటికీలు మొలిచాయి. కిటికీల్లో నీలం దీపాలు వెలిగాయి. ఈమధ్యే లోపల ఎవరో కూర్చున్నారు కూడా. అబద్ధం చెబుదామని కాదు పాపం. రోజూ చెప్పే కథ రోజూ కాస్త నిగారిస్తుంది, అద్దం తుడిచినట్టు. తుడిచేవాడికి ఆ సంగతి తెలియదు.

వీధి మలుపులో పఠన మందిరం ఉంది. నెలకో ఆదివారం పొద్దున అక్కడ సభ జరుగుతుంది. వేదిక, మైకు, వక్తకు గ్లాసుతో మంచినీళ్ళు. ఆ వేదిక ఎక్కిన ప్రతి గడ్డాన్నీ నున్నగా చేసి పంపింది బాబాయే. అందరినీ ఎక్కించాడు గానీ, నువ్వూ ఎక్కవయ్యా అన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. పైకి ఏమీ అనేవాడు కాదు. సభ రోజున మాత్రం షాపు గుమ్మంలో నిలబడి, మైకు గొంతు వినిపించినంతసేపూ శుభ్రంగా ఉన్న దువ్వెననే మళ్ళీ మళ్ళీ కడుగుతుండేవాడు.

అలాంటిది, ఒకరోజు మందిరం అధ్యక్షుడు పెద్ద గుమస్తా గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఈయన సర్కారు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైనవారు.

"వచ్చే సభకి నువ్వే మాట్లాడాలయ్యా. గుట్ట మీద పడిందేమిటి, దాచిందెవరు అని బోర్డు కూడా రాయించేశాను."

"నేనా!" అన్నాడు బాబాయి. చెంప మీద కత్తి అక్కడే ఆగిపోయింది.

"ముందు కత్తి తీసి, తర్వాత ఆశ్చర్యపో నాయనా!" అన్నారు గుమస్తా గారు కదలకుండా. "ఒక్క షరతు. కబుర్లు కుదరవు. సాక్ష్యం కావాలి. నీలం దీపాలు అంటావుగా, ఎవరు చూశారో చెప్పాలి. జనం అడుగుతారు మరి."

"సాక్ష్యానికేం కొదవండీ? వీధి వీధంతా సాక్ష్యమే!"

ఆ రోజు బాబాయి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి పోయి, "ఏమే, నా తెల్లచొక్కా తీసి ఇస్త్రీకియ్యి. వేదికెక్కుతున్నాను" అన్నాడు.

"సభకింకా మూడు వారాలుందిగా!" అంది పిన్ని.

"మడతలు గట్టిగా పడాలి మరి!"

ఆ పైన సాక్ష్యాల వేట మొదలైంది. అంత తేలికైన వేట ఎక్కడా ఉండదు. ఆ కాలంలో క్వారీ చుట్టుపక్కల తిరిగిన కుర్రాళ్ళంతా ఇప్పుడు తాతలు. తాతలకి గడ్డాలు పెరుగుతాయి. గడ్డం పెరిగినవాడు బాబాయి దగ్గరికి రాక ఎక్కడికి పోతాడు?

మొదట చిక్కింది సున్నాల తాత. ఊళ్ళో సగం గోడలకు ఆయనే రంగులు వేశాడు. మెడకు తువ్వాలు చుట్టి, కుర్చీ వెనక్కి వాల్చి, చెవుల దాకా నురగ పూసి, గొంతు దగ్గర కత్తి ఆనించాక బాబాయి మొదలుపెట్టాడు.

"ఆ సాయంత్రం నువ్వు క్వారీ దగ్గరే ఉన్నావు కదూ?"

"ఊఁ."

"గుండ్రంగా, కిటికీలతో దిగింది కదూ?"

"ఊఁ."

"నీలం దీపాలు! అబ్బ, ఏం దీపాలు! చూశావా లేదా?"

"ఊఁ ఊఁ."

"చూశావా మరి! నేను చెబితే నమ్మరు!"

అలా లారీ తాత అయ్యాడు, కిళ్ళీ కొట్టాయన అయ్యాడు, పాత పోస్టుమేన్ అయ్యాడు. అందరిదీ ఒకటే మాట. ఎక్కడా తేడా లేదు. బాబాయి పొంగిపోయాడు. ఇంతమంది కలిసి ఒకే అబద్ధం ఆడరుగా! లోకంలో ఎక్కడెక్కడో ఇలాంటివి పడ్డాయంటారు గానీ, ఒకడు అర్ధచంద్రాకారం అంటాడు, ఇంకొకడు చుట్ట ఆకారం అంటాడు. ఇక్కడ చూడండి, దీపాల రంగు దగ్గర్నుంచి అచ్చు గుద్దినట్టు ఒకటే సాక్ష్యం!

ఇక మిగిలింది శనివారం. రేపే సభ. పొద్దున్నే పక్క షాపులోంచి టైలరు వచ్చి కుర్చీలో పడ్డాడు. ఈ టైలరు పిన్నికి స్వయానా తమ్ముడు. బావగారి పళ్ళేనికి మొట్టమొదటి శత్రువు.

"బావా, తొందరగా గీకు. రేపు నీ పరువు పోతుంటే నేను ముందు వరసలో కూర్చోవాలి, నున్నగా ఉండాలిగా."

"కూర్చో బామ్మర్దీ, కూర్చో. రేపు నువ్వే లేచి దండం పెడతావు."

"పళ్ళేనికా, నీకా?"

బాబాయి నురగతో ఆ నోరు మూసేశాడు. కుర్చీ వాల్చాడు. కత్తి పెట్టాడు. రేపటి ప్రసంగం ఒకసారి చూసుకుందామని మొదట్నుంచీ అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఊపులో పడ్డాక ఎదుట ఉన్నది ఎవరన్నది కూడా మర్చిపోయాడు.

"గుండ్రంగా దిగిందా?"

"ఊఁ."

"నీలం దీపాలు. నీ కళ్ళతో నువ్వు చూశావా?"

"ఊఁ."

"లోపల ఎవరో కూర్చున్నారు! అవునా?"

"ఊఁ ఊఁ."

"అదీ!" అన్నాడు బాబాయి. తువ్వాలుతో మొహం తుడిచి చూస్తే, ఎదురుగా బామ్మర్ది!

"ఏరా, నువ్వు కూడా చూశావా?" అన్నాడు.

"నేనేం చూస్తాను నా మొహం! అప్పటికి నేను పుట్టనే లేదు. పైగా మాది ఈ ఊరు కూడా కాదు. అక్క పెళ్ళయ్యాక కదా ఇటొచ్చింది!"

"మరి ఊఁ అన్నావేరా?"

"పీక మీద కత్తి పెట్టుకుని అడిగితే ఏమంటారు బావా? నువ్వే ఫలానా దేశం రాజువి కదా అని అడిగినా ఊఁ అనే అంటాను. తల అడ్డంగా ఊపితే ఏమవుతుందో నీకు తెలీదా?"

బాబాయి పటిక ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సున్నాల తాత ఊఁ. లారీ తాత ఊఁ. కిళ్ళీ కొట్టాయన ఊఁ. ఒక్కొక్క ఊఁ బుడగలాగా టప్‌మని పేలిపోతోంది. వాళ్ళెవరూ ఏమీ చెప్పలేదు. చెప్పిందంతా తనే. వాళ్ళు చేసింది పీక కాపాడుకోవడం.

విషయం పిన్నికి తెలిసి పడీ పడీ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, "అయితే ఇప్పుడేం చేస్తారు? ఎవరికీ తెలీదుగా. వాళ్ళ పేర్లు చదివేసి దిగిపోండి. చప్పట్లు కొడతారు" అంది.

"నాకు తెలుసుగా" అన్నాడు బాబాయి. అని, ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి బెంగగా చూసి, చెప్పులేసుకుని బయల్దేరాడు. చేతిలో కత్తి లేదు, భుజాన తువ్వాలు లేదు.

"పెద్దాయనా, నేనేం చెప్పను. నువ్వే చెప్పు. ఆ సాయంత్రం ఏం చూశావు?" అని అడిగాడు సున్నాల తాతని.

"నేనా? నేనేం చూళ్ళేదురా. మా మావయ్య గారింట్లో సున్నం వేస్తున్నా. బయటికొచ్చేసరికి అంతా అయిపోయింది. జనం అరుపులు మాత్రం విన్నా."

కిళ్ళీ కొట్టాయన చూశాడు. తెల్లగా, గొడుగులా ఉందన్నాడు. దీపాలా? దీపాల్లేవు, ఎండ తగిలి మెరిసిందన్నాడు. పోస్టుమేన్‌కి అది కోలగా కనిపించింది, పైగా రెండు పడ్డాయని ఒట్టు పెట్టాడు. లారీ తాత అసలు చూడలేదు. కానీ మర్నాడు మిలిటరీవాళ్ళు అద్దెకు పిలిచిన లారీని నడిపింది ఆయనే. ఆ ముక్క ఇన్నేళ్ళూ నురగ కిందే ఉండిపోయింది!

"ఏం ఎక్కించారు తాతా?" అన్నాడు బాబాయి.

"ఓ పెట్టె, బోలెడంత చిరిగిన గుడ్డ. మెరిసే గుడ్డ. ఎవరికీ ఏమీ చెప్పొద్దన్నారు. నాకేం తెలుసని చెప్పడానికి?"

"మరి ఇన్నిసార్లు నా కుర్చీలో కూర్చున్నావు, ఒక్కసారీ చెప్పలేదే!"

"నువ్వు చెప్పనిచ్చావా?"

ఆదివారం పొద్దున తెల్లచొక్కా మడతలు కత్తిలా ఉన్నాయి, లోపలి మనిషి మాత్రం నలిగిపోయి ఉన్నాడు. హాలు నిండింది. ముందు వరసలో బామ్మర్ది, కాలు మీద కాలు వేసుకుని. బాబాయి వేదికెక్కాడు. మైకు పట్టుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ చేశాడు. ఇక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

"అయ్యా, అమ్మా, నా సాక్షులందరి పీక మీదా కత్తి ఉందండీ" అన్నాడు.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బామ్మర్ది పుట్టకముందే పళ్ళేన్ని చూసిన సంగతి దగ్గరికొచ్చేసరికి హాలు నవ్వుతో ఊగిపోయింది. బామ్మర్ది లేచి నిలబడి సాక్షిగా నాలుగు వైపులా దండాలు పెట్టాడు. నవ్వు తగ్గాక బాబాయి ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ వచ్చాడు. కిటికీలూ దీపాలూ లోపల కూర్చున్నవాడూ తన నోట్లోనే పుట్టారు, కాబట్టి తీసేశాడు. షాపులో అద్దం పక్కన పెట్టి, ఇదే పళ్ళెం ముక్క అని ఇన్నాళ్ళూ అందరికీ చూపించిన వెండి రేకు కూడా తీసేశాడు. అది గుట్ట మీద దొరికింది గానీ, ఎప్పుడో చాలాకాలం తర్వాత. ఏ చాక్లెట్టు కాగితమో ఎవరికి తెలుసు? మిగిలిందల్లా, ఏదో పడింది, చూసినవాళ్ళున్నారు. లారీలు వచ్చాయి, నడిపినవాడే ఉన్నాడు. ఏమీ చెప్పొద్దన్నారు, అదీ నిజమే.

"చూశారా, దాచారన్నమాటే కదా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

పెద్ద గుమస్తా గారు మైకు అందుకున్నారు. "దాచడం మా సర్కారు వాళ్ళకి అలవాటే నాయనా. మా ఆఫీసులో విరిగిన కుర్చీ గురించి కూడా బయట చెప్పొద్దనేవాళ్ళు. పరువు తక్కువని! మిలిటరీవాళ్ళు ఎగరేసిన తమ సొంత వస్తువే కూలితే టముకేసుకుంటారా? కానీ పైలోకం వాళ్ళు దిగారన్నంత పెద్ద వార్త దాచడం మా వల్ల కాదు. ఒక బదిలీ ఆర్డరు వస్తే మధ్యాహ్నం టీ లోపు వీధంతా తెలిసేది."

మళ్ళీ నవ్వులు. బాబాయి నవ్వలేదు. "అయినా అది పళ్ళెం కాదని కూడా నేను చెప్పలేను. అవునని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అంతేనండీ" అని చేతులు జోడించాడు. ఇక దిగిపోవాలి. ఒకే ఒక్కసారి ఎక్కిన వేదిక. దిగబుద్ధి కావడం లేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దావిడ చేతికర్ర ఆనించుకుని లేచింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన నర్సమ్మ.

"ఏమయ్యా పళ్ళెం, నన్నెప్పుడైనా అడిగావా?"

"మిమ్మల్నా అమ్మా?"

"నాకు గడ్డం లేదుగా, ఎందుకడుగుతావులే! ఆ సాయంత్రం నేనూ మా చెల్లెలూ గుట్ట మీదే ఉన్నాం. అది దిగడం మొదట్నుంచీ చూశాం. దగ్గరికెళ్ళి ముట్టుకున్నాం కూడా."

హాలంతా అటు తిరిగింది. ఆవిడ పక్కన ఇంకొకావిడ చేయెత్తింది. "మా అమ్మ కూడా చూసిందట, ఇంట్లోనే ఉంది, పిలుచుకురానా?" వెనక వరసలో ఇంకో రెండు చేతులు లేచాయి. ఊళ్ళో సగం సాక్ష్యం ఏనాడూ ఆ కుర్చీలో కూర్చోనే లేదు.

బాబాయి గభాల్న వేదిక దిగాడు. వేదిక మీద తనకు వేసిన కుర్చీ దించి నర్సమ్మ దగ్గర వేశాడు, నిటారుగా. మైకు తీగ లాక్కొచ్చి ఆవిడ చేతికిచ్చాడు. తను మాత్రం నేల మీదే చతికిలబడ్డాడు, తెల్లచొక్కా సంగతి మర్చిపోయి.

"మొదట్నుంచీ చెప్పండమ్మా. నేను మధ్యలో మాట్లాడను."

"బాబోయ్!" అన్నాడు బామ్మర్ది. "గుట్ట మీద ఏం పడిందో గానీ, అసలు వింత ఇదీ!"

"నోర్ముయ్యరా, విననీ" అన్నాడు బాబాయి. నర్సమ్మ గొంతు సవరించుకుంది.