నాలుగో పేపర్ ఆపేశాను

మరమగ్గాల కార్మికుల వినికిడి మీద నేను చేస్తున్న పీహెచ్‌డీలో మూడో పేపర్‌ను కూడా జర్నల్ వాళ్లు తీసుకున్నారు. ఆ సంతోషంలో ఈ రోజు పొద్దున స్వీట్లు పట్టుకుని మరమగ్గాల షెడ్డుకి వెళ్లాను. రెండేళ్ల కిందట అందరికంటే ముందు పరీక్ష చేయించుకున్న మల్లయ్య కాకకు గట్టిగా అరిచి విషయం చెప్పాను.

"మంచిగైంది బిడ్డా. నా చెవులు ఎట్లున్నయో గండ్ల రాసినవా?"

"ఒక్కొక్కరిది రాయం కాకా. అందరిదీ కలిపి రాస్తం."

"గట్లనా? మరి నాకెవలు చెప్తరు?"

అక్కణ్నుంచి నేరుగా యూనివర్సిటీకి వెళ్లాను.

మధ్యాహ్నం మా గైడ్‌ని కలిసి, నాలుగో పేపర్ నెల రోజులు ఆపుతానని, ప్రతి కార్మికుడికీ అతని ఫలితం తెలుగులో రాసిస్తానని చెప్పాను. వేరే పరిశోధకులెవరూ వాటిని ప్రస్తావించరు కాబట్టి ఒక్క సైటేషన్ కూడా రాదని, ఉద్యోగానికి వెళ్తే పేపర్లే చూస్తారని ఆయన హెచ్చరించారు. అది నిజమే. అయినా నేను తగ్గలేదు.

సాయంత్రం మొదటి కాగితం కాకకే ఇచ్చాను. కుడి చెవి బాగా దెబ్బతింది, ఎడమది ఇంకా కాపాడుకోవచ్చు అని అందులో రాశాను. కాక దాన్ని రెండుసార్లు చదువుకుని, "రేపటి సంది చెవుల దూది పెట్టుకుంట" అన్నాడు. దూది చాలదని, ఇయర్‌ప్లగ్గులు చేతిలో పెట్టాను.

ఇంకా వందకు పైగా రాయాలి. వీటిని బయోడేటాలో ఏ గడిలో నింపాలో తెలిసినవాళ్లు చెప్పండి. తెలియకపోయినా రాస్తాను.