సూది పడ్డాక ముద్ద

అమ్మకు గుండె ఆపరేషన్ బాగానే జరిగింది. పందొమ్మిదివందల అరవైలలో అది చిన్న సంగతి కాదు. చిన్నప్పటి కీళ్ళ జ్వరంతో గుండెలో ఇరుకైపోయిన దారిని వెడల్పు చేశామన్నారు డాక్టరు. చిక్కంతా గాయంతోనే వచ్చింది. అమ్మకు చక్కెర జబ్బు. ఎడమ రొమ్ము కింద కుట్లు ఎంతకీ మానవు. చక్కెర తగ్గితే గానీ గాయం ఆరదనీ, చీము లోపలికి దిగితే మనిషి దక్కదనీ నాయనను పక్కకు పిలిచి చెప్పి, ఇన్సులిన్ రాసి ఇంటికి పంపారు.

ఇంకేముంది, బెంగళూరు పేటలో మా ఇంట్లో చక్కెర దొంగసరుకైపోయింది. మా అవ్వ, నాయన తల్లి, చక్కెర డబ్బానూ బెల్లం కుండనూ పెట్టెలో పెట్టి తాళంచెవి మొలలో దోపుకుంది. ద్రాక్షపళ్ళతో చూడవచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలదీసేది. నీలిరంగు మందులో అమ్మ మూత్రం చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచి, రంగు చూడటం నా పని. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఇటుకరంగు వస్తే ఎక్కువున్నట్టు. నాకసలే ముక్కు మీద కోపం. ఇటుకరంగు వచ్చిన రోజు నా జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

సూది వేయడానికి మా వీధి చివరి నర్సమ్మ వచ్చేది. గుంటూరు వైపు క్రైస్తవుల పిల్ల. పొద్దుటి డ్యూటీ ముగించుకుని వస్తూ సూది వేసి, "అరగంటలో అన్నం తినెయ్యాలండీ పిన్నిగారూ," అనేది. అమ్మ బుద్ధిగా తల ఊపేది.

కానీ పెళ్ళయిన నాటి నుంచి నాయన తినకుండా అమ్మ తిన్నది లేదు. ఆయన బట్టల అంగడి నుంచి వచ్చి, తిని లేచాక, అదే కంచంలో తను కూర్చునేది. ఈ సంగతి నర్సమ్మకు మేమెవరమూ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని మాకు తోస్తే కదా. నాయన వేళకు వచ్చినన్నాళ్ళూ గడిచిపోయింది.

శ్రావణమాసం వచ్చి అంగట్లో పెళ్ళిబట్టల బేరాలు మొదలయ్యాయి. ఒకరోజు సూది వేసి చాలాసేపైనా నాయన రాలేదు. తినెయ్యమన్నాను.

"వస్తా ఉంటాడులే, సుమ్నే ఉండు," అంటూ నన్ను ఊరుకోబెట్టింది అమ్మ.

మళ్ళీ అడిగితే కసురుకుంది, ఎన్నడూ కసురుకోని మనిషి. కాసేపటికి చేతులు వణికాయి. చెమటకు రవిక తడిసిపోయింది. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

గుండె ఆగిపోతోందని అవ్వ ఏడుపందుకుంది. నేను పరుగెత్తి నర్సమ్మను పిలుచుకొచ్చాను. వస్తూనే అన్నం తిన్నారా అని అడిగింది. లేదన్నాను. చక్కెర నీళ్ళు కలిపి తెమ్మంది.

అవ్వ మొల మీద చెయ్యి వేసుకుని కదల్లేదు. "విషమని మీరే చెప్తిరి కదమ్మా. ఇప్పుడు దాన్నే నా కోడలి నోట్లో పోస్తారా?"

"తినకపోయేసరికి సూదికి ఒంట్లో చక్కెర బాగా పడిపోయిందండీ మామ్మగారూ. ఇప్పుడదే మందు."

అవ్వ తాళంచెవి తీసిచ్చింది. కొంచెం కొంచెంగా తాగించాం. అమ్మ తేరుకుని, నన్ను గుర్తుపట్టి, మొదట అడిగిన మాట: "మీ నాయన వచ్చినాడా?" నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నాయన వచ్చాక నర్సమ్మ మొహమాటపడకుండా జరిగిందంతా చెప్పింది. రేపటి నుంచి ముందు తినమన్నాడు నాయన. "ఆ ఒక్కటీ అడగొద్దండి," అంది అమ్మ.

మర్నాడు నాయన అంగడికి పోతూ, "గిరాకీ జాస్తిగా ఉండాది. ఇంక మధ్యాహ్నం హోటల్లోనే తినేస్తా. నాకోసం కాచుకోవద్దు," అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ వేళకు తిన్నది. పరీక్షలో రంగు ఆకుపచ్చకు దిగింది. దీపావళి నాటికి గాయం ఎండింది.

నాయన మాత్రం పొద్దు వాలే వేళకు వచ్చి, అమ్మ పడుకుందని చూసుకుని, వంటింట్లో చల్లారిన రాగిముద్ద పప్పుసారుతో గబగబా తినేవాడు. ఒకసారి నా కంటపడ్డాడు. చెప్పొద్దని సైగ చేశాడు.

నేనా ఊరుకునేదాన్ని? మర్నాడు సూది పడగానే, కంచం ముందున్న అమ్మను అడిగాను, నాయన నిజంగానే హోటల్లో తింటున్నాడనుకుంటున్నావా అని.

"హోటల్లో మంచినీళ్ళు గూడా ముట్టని మనిషి. నాకు తెలీదంటావా?" అంది అమ్మ, ముద్ద తుంచుకుంటూ. "నేను తింటేనే గదా ఆయన తినేది."