నల్లబడిన ఇంటిపన్ను రసీదు

రసీదు లేనిదే మా ఇంట్లో ఉప్పు పొట్లం కూడా కొననివ్వను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాగితం విలువ నాకు తెలిసినట్టు మా వీధిలో ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం.

పోయిన వేసవిలో ఇంటిపన్ను బకాయిల జాబితాలో నా పేరూ, పక్కింటి పిన్ని పేరూ వచ్చాయి. ఇద్దరమూ ఎప్పుడో కట్టేశాం. రసీదులు తెచ్చి చూపిస్తే పేర్లు తీసేస్తామని, లేకపోతే మళ్ళీ కట్టాల్సిందేనని మా ఊరి సచివాలయంలో అమ్మాయి చెప్పింది. నాకు పెన్షన్ వస్తుంది. పిన్నికి వచ్చేవి ఒక్క గేదె పాల డబ్బులే.

వసూలుకు వచ్చినతను చేతిమిషన్‌లోంచి చించి ఇచ్చిన చిన్న చీటీలవి. నాది బీరువాలో ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. పిన్ని తనదాన్ని కరెంటు బిల్లులతో కలిపి వసారాలో వేలాడే ఇనుప తీగకు గుచ్చింది. నాకు నవ్వొచ్చింది.

“బొక్కపడిన కాయితం తీసుకుపోతే ఆఫీసులో ఎవరు లెక్కచేస్తారు పిన్నీ? నాకియ్యి, లామినేషన్ చేయించుకొస్తా.”

“చదువుకున్నోడివి, నీకు తెలవదా,” అని తీసిచ్చింది.

మాచర్లలో జిరాక్స్ షాపతను చీటీలను వేలితో తడిమి చూశాడు. “బాబాయ్, ఈ కాయితం వేడికి ఆగదు. జిరాక్స్ తీస్తా, సరిపోద్ది.”

“నువ్వు నాకు చెప్పొచ్చావా,” అన్నాను. పైగా కక్కుర్తి కొద్దీ రెండూ ఒకే కవరులో పెట్టించాను. మిషన్ అవతలి వైపు నుంచి ఒకే అట్టలో రెండు నల్లటి ముక్కలు బయటికొచ్చాయి. అంకెలు లేవు, తేదీ లేదు, పిన్ని పేరు లేదు. గట్టిగా మాత్రం ఉన్నాయి. వానలో నానబెట్టినా చెక్కుచెదరవు.

మర్నాడు సచివాలయంలో ఆ అట్టను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, ఓ పక్కనుంచి చూస్తే అక్షరాలు కనపడతాయని వాదించాను కూడా.

“ఏంది మాస్టారూ ఇది, ఎక్స్‌రేనా?” అంది ఆ అమ్మాయి.

అందరూ నవ్వారు. నా వెనక నిలబడ్డ పిన్ని నవ్వలేదు. “మళ్ళీ కట్టాలా నాయనా?” అని నన్నే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండిళ్ళ పన్నూ నేనే కట్టాను. పిన్ని వద్దన్నా వినలేదు. కొత్త చీటీలు రాగానే అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. పిన్ని నాకంటే ముందే రెండూ అందుకుని కొంగున ముడేసుకుంది.

“నువ్వు ముట్టుకోమాకు,” అంది.

ఇంటికి రాగానే రెంటినీ తన తీగకు గుచ్చేసింది. నాది నాకిమ్మని అడగబోతుంటే, మా ఆవిడ గోడవతల నుంచి కేకేసింది: “అక్కడే ఉండనీ అత్తా, ఆయనకియ్యమాకు!”

ఇప్పుడు నా రసీదు కావాలంటే నేను పిన్ని వసారాలో నిలబడాలి. ఎందుకని అడిగి, జిరాక్స్‌కని నేను చెప్పాకే తీసిస్తుంది.