యూసుఫ్ భాయ్ రికార్డులో గీత

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. హనుమకొండలో ముప్పై ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. కాయిల్ కాలితే మోటార్ తిరగదు, కొత్త తీగ చుడితే తిరుగుతుంది. ఇంతకు మించి లోకంలో ఏ మాయా లేదని వాదించేవాణ్ని. ఇప్పుడైనా దయ్యాలున్నాయని అనడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను. ఇందులో నేను మంచివాణ్ని కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

నాకు పాత రికార్డుల పిచ్చి. నాలాంటి వాళ్లం ఎనిమిది మందిమి ఉన్నాం. నెలకో ఆదివారం పొద్దున సుబేదారిలో రాంరెడ్డి సార్ ఇంట్లో కలుస్తాం. ఎవరి ప్లేయర్ వాళ్లు మోసుకొస్తారు. ఒకరిది పెట్టెలా మూత పడేది, ఒకరిది ఈమధ్య ఆన్‌లైన్‌లో తెప్పించింది, నాది తుక్కులో దొరికితే నేనే మోటార్ చుట్టుకున్నది. రికార్డు తెచ్చినవాడే సూది పెట్టాలి. ఒక వైపు అయిపోయేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఎవరికైనా అరువిచ్చిన రికార్డు వాపసు వస్తే అందరి ముందూ ఒకసారి పెట్టి వినాలి, తర్వాత గొడవలు రాకుండా. ఆ చివరి నియమం పెట్టింది నేనే.

మాలో ఒకడు యూసుఫ్ భాయ్. చౌరస్తా దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. పని అయ్యాక గడియారాన్ని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, ఊఁ అన్నాకే గిరాకీ చేతిలో పెట్టేవాడు. ఆయన దగ్గర ఒక గజళ్ల రికార్డు ఉండేది. మూడో పాటలో ఒకచోట సూది ఇరుక్కుని, ఒకే మాటను మూడుసార్లు పలికించి, తనంతట తానే ముందుకు పోయేది. ఆయన బిడ్డ నడక నేర్చుకునే రోజుల్లో ప్లేయర్ పట్టుకుని లేవబోతే పడిన గీత అది. ఆ బిడ్డకు ఇప్పుడు పెళ్లయి పిల్లలు కూడా. ఆ మాట వచ్చినప్పుడల్లా యూసుఫ్ భాయ్ ముఖం చూడాలి, ఎంత మురిసిపోయేవాడో!

పోయిన ఎండాకాలం ఆ రికార్డు అడిగి తెచ్చుకున్నాను. అంచు కొద్దిగా వంగి ఉంది. అలాంటిదాన్ని రెండు గాజు పలకల మధ్య పెట్టి పొద్దుటెండలో కాసేపు ఉంచితే చదునవుతుంది. మాలో చాలామంది చేసే పనే. ఆయనకు చెప్పకుండా బాగుచేసి, శభాష్ అనిపించుకుందామని మేడ మీద పెట్టాను. అంతలో వర్ధన్నపేట నుంచి ఒక రైతు కాలిపోయిన మోటార్‌ను ఆటోలో వేసుకొచ్చాడు. పొట్టకొచ్చిన వరి ఎండిపోతోందని ఒకటే గోల. ఆ పనిలో పడి మేడ సంగతే మరిచిపోయాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే పై గాజు జారి పక్కన పడి ఉంది. రికార్డు నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయింది.

చెప్పి ఉంటే అయిపోయేది. ఒకరోజు బాధపడేవాడు, అంతే. కానీ అందరి ప్లేయర్లూ సరిచేసే మొనగాణ్ని కదా, నా చేతిలో రికార్డు పాడైందంటే నా పరువేం కావాలి? దాన్ని ముక్కలు చేసి చెత్తబండిలో వేశాను. హైదరాబాద్ పోయి పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, అదే రికార్డు ఇంకొకటి పట్టుకొచ్చాను. దాని లేబుల్ అంచు లేచి ఉంటే నేనే జిగురు పెట్టి అతికించాను. మూడుసార్లు వేసి విన్నాను. ఎక్కడా ఆగలేదు. గీత కూడా గీద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. యూసుఫ్ భాయ్ ఇచ్చిన అట్టలోనే పెట్టి తీసుకెళ్లాను.

ఆ ఆదివారం అందరి ముందూ పెట్టాం. మూడో పాట ఆగకుండా సాగిపోయింది. యూసుఫ్ భాయ్ లేచి నిలబడ్డాడు.

"ఇది నాది కాదు భాయ్. నాది ఈడ ఆగుతది."

"నీదే. సూది బరువు సరిగ్గ పెట్టిన, గీతను దాటిపోతాంది," అన్నాను.

"గొంతు గూడ జర వేరే ఉన్నది," అన్నాడు ఆయన.

ఆయన రికార్డును వెలుతురుకు తిప్పి చూశాడు. పాతది కాబట్టి దానికీ సన్నటి గీతలు ఉన్నాయి, అందులో ఏది ఏదని చెప్పగలడు? అప్పుడు నేనొక మాటన్నాను. నా నోట్లో పురుగులు పడ.

"వయసైంది యూసుఫ్ భాయ్, నీ చెవులు పోయినయ్. దవాఖానల చూపించుకో."

నలుగురూ నవ్వారు. మెకానిక్ చెప్పాడు కదా, నమ్మారు కూడా. ఆయన రికార్డు అట్టలో పెట్టుకుని, "అట్లనే ఉండొచ్చు తియ్" అన్నాడు.

మళ్లీ మా దగ్గరికి రాలేదు. దుకాణంలో కూడా గడియారం చెవికి పెట్టుకుని, తర్వాత పక్కనున్న చాయ్ హోటలాయనను పిలిచి, సరిగ్గా కొట్టుకుంటోందా అని అడిగేవాడట. ఆ మాట నా చెవిన పడ్డప్పుడైనా పోయి నిజం చెప్పాల్సింది. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ గడిపాను. రెండు నెలలకు దుకాణం మూసేశాడు. ఆరు నెలలు తిరక్కుండానే గుండె ఆగి పోయాడు. జనాజాకు భుజం ఇచ్చాను, సిగ్గులేకుండా.

నలభై రోజులయ్యాక రాంరెడ్డి సార్ ఇంట్లో యూసుఫ్ భాయ్‌ను తలుచుకుందామని కూర్చున్నాం. ఆయన భార్య రజియా భాభీ ఆ రికార్డు తెచ్చింది. వాపసు తెచ్చిన రోజు నుంచి ఆయన దాన్ని అట్టలోంచి తీయనే లేదని చెప్పింది. సూది ఆమే పెట్టింది.

మూడో పాటలో అదే మాట దగ్గర సూది ఆగింది. మూడుసార్లు. తర్వాత ముందుకు పోయింది.

రాంరెడ్డి సార్ నా భుజం తట్టాడు. "సూశినవా, నువ్వన్నదే నిజం. ఆయనదే రికార్డు. పాపం, చెవులే పోయినయ్." అందరూ తలలూపారు.

రికార్డు అడిగి తీసుకుని చూశాను. లేబుల్ మీద నేను పెట్టిన జిగురు మరక అలాగే ఉంది. అంటే నేను తెచ్చిందే. నా ప్లేయర్ మీద వేశాను, మిగతావాళ్ల ప్లేయర్ల మీదా వేశాను. ప్రతిసారీ అదే మాట, మూడేసి సార్లు. భూతద్దం పెట్టి వెతికినా అక్కడ కొత్త గీత లేదు. ఎక్కడో తగిలి పడిందే అనుకుందాం. అంత పెద్ద రికార్డులో సరిగ్గా ఆ మాట మీదేనా?

వారం రోజులు అన్నం సయించలేదు. రికార్డు పట్టుకుని భాభీ ఇంటికి పోయి మేడ, చెత్తబండి, హైదరాబాద్ అన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆమె అంతా విని, లేచి రికార్డు వేసింది. మూడుసార్లు ఆగింది.

"నువ్వు మంచోనివి అన్నా," అంది. "ఆయన మాట నిలబెట్టనీకి తప్పు నీ మీద ఏసుకుంటానవ్. గని ఎందుకన్నా? ఆయన గూడ ఒప్పుకున్నడు. నా చెవులు పోయినయ్ రజియా అని నాతోటే అన్నడు."

మిత్రులకూ చెప్పాను. స్నేహితుడు పోయిన బాధలో ఏదేదో మాట్లాడుతున్నానని నన్నే ఓదార్చారు.

ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. యూసుఫ్ భాయ్ పక్కన నిలబడాల్సింది, వచ్చి నా అబద్ధం పక్కన ఎందుకు నిలబడిందో అసలే తెలియదు.