ఏడు పలుపుల షజరా

మా నాయనమ్మ ఈరవ్వకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. నన్ను పిలవాలంటే ముందు మా మేనత్త పేరు, తర్వాత ఒక పెయ్య దూడ పేరు పలికి, చివరికి "ఓ పోరీ" అని సరిపెట్టేది. ఆవుల సంగతి వేరు. ఏది దేని కడుపున పుట్టిందో, ఏ కోడెకు దాటిందో, ఎన్ని సేర్ల పాలిచ్చిందో ఏడు తరాలు గడగడా చెప్పేది.

ఆ ఏడు తరాలూ మా కొట్టం గోడకు వేలాడుతుండేవి. మా ఎల్లారెడ్డి దిక్కు ఆవును అమ్మినా పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి. పలుపు పోతే కొట్టంలో సంతు పోతుందని నమ్మకం. ఆవు చచ్చినా అంతే. అట్లా మొదట మిగిలిన ఏడు పలుపులు ఏడు మేకులకు ఉండేవి; తర్వాత చేరినవి వేరు. అన్నిటికంటే పాతది ముట్టుకుంటే పొట్టు రాలేది. ముట్టుకున్నందుకు నా వీపు మీద వేరేవి రాలేవి.

ఇది నేను పుట్టకముందు, 1938 ఎండాకాలం ముచ్చట. అవ్వ చెప్పింది సగం, అవ్వ ఇంట్లో లేనప్పుడు తాత బాలమల్లు చెప్పింది సగం.

ఆ ఏడాది సర్కారు తరఫున ఊరికి ఒక విలాయతి ఆంబోతు వచ్చింది. షార్ట్‌హార్న్ జాతి. ఎర్రటి ఒళ్లు, తెల్ల మచ్చలు, కురచ కొమ్ములు, పెట్టెలాంటి దేహం. మూపురం మాత్రం లేదు. దాని వెంట సలోత్రి, అంటే పశువుల డాక్టరు, ఒక కాగితం తెచ్చాడు. అది దాని షజరా, వంశం చిట్టా. ఇకమీద ఆవులన్నీ దీనికే దాటాలనీ, షజరా లేని కోడెలకు విత్తులు నొక్కాలనీ పటేలు రాజలింగు చాటింపు వేయించాడు.

మా కొట్టంలో ఉన్న కోడె నల్లోడు. ఏడో పలుపు ఆవు వాడిని ఈని, మరుసటేడు చచ్చిపోయింది. ఆ వరుసలో ఇక మిగిలింది వాడొక్కడే. విత్తులు నొక్కితే ఎనిమిదో పలుపు ఉండదు.

మూడో రోజు పటకారుతో మనుషులు వచ్చేసరికి కొట్టం ఖాళీ. అవ్వ ఏడు పలుపులూ మెడలో వేసుకుని, నల్లోణ్ణి పట్టుకుని సలోత్రీ పటేలూ కూర్చున్న చావడికి తానే నడిచింది. తాత పది అడుగులు వెనక నడిచాడట. భయానికి కాదు, ఎండకని చెప్పేవాడు.

అవ్వకు అక్షరం రాదు. అయినా కాగితం చదవమంది. సలోత్రి తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చదివాడు.

"తండ్రులు సరే సాబ్. తల్లి ఎవ్వలు?"

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. "నంబరు పద్నాలుగు. అంతే ఉంది."

"పేరు లేదా? ఎన్ని ఈతలు ఈనింది? పాలు పిండంగ తన్నేదా?"

అవేవీ రాయలేదన్నాడు. సర్కారు కాగితం కంటే నీ తాళ్లు ఎక్కువా అని పటేలు గద్దించాడు.

"ఎక్కువనే పటేలా. కాగితంల తల్లి లేదు. నా తాళ్లల్ల ఉన్నది."

ఒక్కొక్క పలుపూ మెడలోంచి తీసి నేల మీద పెడుతూ ఏడు ఆవుల గుణాలూ దోషాలూ చెప్పింది. మూడోది దొంగమేతకు పోయేదని కూడా దాచలేదు. తర్వాత అక్కడున్న కాడి ఒకటి ఎత్తించి, చావడి ముందు కట్టేసిన ఆంబోతు మెడ మీద పెట్టమంది. మూపురం లేదు గదా, కాడి జారి కొమ్ముల దగ్గరికి వచ్చింది. పాపం, ఆ ఆంబోతు సాధువు, కళ్లు మూసుకుని నిలబడింది.

"దీని కొడుకులు బురదల ఎట్ల దున్నుతరు?" అంది అవ్వ.

సలోత్రి కలం తీశాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పమని, ఏడు పేర్లూ ఉర్దూలో రాసి, కింద దస్కతు చేసి అవ్వ చేతికిచ్చాడు. షజరా లేని కోడెలకే గదా హుకుం, దీనికి ఉందన్నాడు. నల్లోడు బతికిపోయాడు. తక్కిన ఇండ్ల కోడెలు మాత్రం పటకారు తప్పించుకోలేదు.

కొని తెచ్చిన ఒక ఆవుకు నల్లోడి వల్ల గౌరి అనే పెయ్య పుట్టింది. మూడేండ్లకు అది ఎదకు వచ్చింది. తండ్రికే దాటించడం అవ్వ దృష్టిలో మహాపాపం. ఊళ్లో చూస్తే విత్తులున్న వేరే మగపశువు ఒక్కటే.

గౌరి ఎర్రటి పెయ్యను ఈనింది. తెల్ల మచ్చలు, మూపురం లేదు. ఊరంతా చూడటానికి వచ్చింది. బీబీపేట కోడెకు దాటించిన అని అవ్వ అందరికీ చెప్పింది. మరి ఇంత ఎర్రగా ఉందేమని పటేలు స్వయంగా వచ్చి అడిగాడు.

"ఎండకు కమిలింది పటేలా."

గౌరి పలుపే ఎనిమిదోది. ఆ ఎర్రదాని పలుపు తొమ్మిదో మేకుకు ఉంది. పూటకు ఆరు సేర్లు ఇచ్చేదట. నేను రెండు మూడుసార్లు, దూరంగా నిలబడి, దీని తండ్రి ఎవరే అవ్వా అని అడిగాను.

"తండ్రి పేరు నీకెందుకే? తల్లి పేరు ఉన్నది, చాలదా?" అనేది.