కారేపల్లిలో లేని కారేపల్లివాళ్లు

భద్రాచలంలో మా చర్చి గోడకు వెల్ల వేయించడానికి మొన్న పాత సున్నం గీకుతుంటే, రాతిపలక మీద ‘ఆష్టన్’ అన్న పేరు బయటపడింది.

చిన్నప్పుడు పాస్టరయ్య ఆ పలక చూపించి, దాని మీద పేరున్న ఇంగ్లీషు దొరసాని ఇంటిపేరు ఒక ఊరిపేరేనని, ఆష్ అనే చెట్లున్న ఊరని దానర్థమని చెప్పాడు. మా ఇంటిపేరు కారేపల్లి. అయితే కారేపల్లి అనే ఊరు మాదేనని తేల్చేసుకున్నాను. సొంత ఊరుండగా కిరాయింట్లో ఎందుకున్నామని వారంరోజులు నాన్నను సతాయించాను.

“పోయి చూస్తే నీకే తెలుస్తది,” అని చివరికి ఆయన బస్సెక్కించి తీసుకెళ్లాడు.

కారేపల్లిలో గడపగడపకూ వెళ్లి ఇంటిపేరు అడిగాను. మధ్యాహ్నం దాటినా ఒక్క కారేపల్లివారూ దొరకలేదు. మిరపకాయలు ఆరబోస్తున్న ఒక అవ్వ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

“ఊర్లె ఉన్నోళ్లను ఊరిపేరుతోని ఎవరు పిలుస్తరు బిడ్డా? ఈడికెల్లి పోయినోళ్లనే అవతలి ఊరోళ్లు గట్ల పిలుస్తరు.”

“అయితే ఈ ఊరు మాది కాదా?”

“మీరే ఇడిసిపెట్టి పోయిన్రు గద,” అన్నది, కాయలు తిరగేస్తూ.

సాయంత్రం బస్సులో మళ్లీ మా కిరాయింటికే వచ్చాం.

మొన్న మేస్త్రీ పలక మీద కూడా వెల్ల వేసేస్తానన్నాడు. ఒప్పుకోలేదు. నిచ్చెనెక్కి, చివరి అక్షరం తేలేదాకా నేనే గీకాను. ఆ దొరసానివాళ్లూ మాలాగే ఎప్పుడో ఊరు విడిచినవాళ్లే.